పద్నాలుగు గుడ్డ బొమ్మల జాబితా

జూన్ 4

పిచ్చుకకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఉంది. ఆదివారం ఫోన్ చేసి, నీ గదిలో చోటు లేదని ఉగాదికి తెచ్చి మా అటక మీద పెట్టిన మూడు అట్టపెట్టెలు ఈ నెల ఇరవైలోగా పంపమన్నావు. లోపల ఏముందో తెలియని పెట్టెను నేను ఇంతవరకు ఎక్కడికీ పంపలేదు. ఆసుపత్రి స్టోర్స్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు స్టాకు రిజిస్టరు రాసినదాన్ని. నా హయాంలో దూది కట్ట కూడా లెక్క లేకుండా గుమ్మం దాటలేదు. కాబట్టి మూడూ విప్పాను. ఇదంతా ఫోన్‌లో ఎందుకు చెప్పలేదంటావేమో. ఫోను క్షేమం అడగడానికి. విషయం మాట్లాడడానికి కాగితం ఉంది.

పెట్టెల్లో ఉన్నవి ఇవి. ‘తాళాల పిల్ల’ కామిక్స్ నలభై ఆరు. మొత్తం నలభై ఎనిమిదట కదా, పదిహేడు, ముప్పై ఒకటి సంచికలు లేవు. ఆ పిల్ల బొమ్మ ఉన్న బ్యాడ్జీలు రెండు వందల పన్నెండు. కీచైన్లు తొంభై. పసుపు కోటు తొడిగిన గుడ్డ బొమ్మలు పద్నాలుగు. కుట్టు బాగుంది, ఎవరో చేయి తిరిగిన మనిషే. ఏ పొట్లం ఎవరు చేశారో చీటీలు అంటించి, అడ్రసులు కూడా రాశావు. నీ స్నేహితులు టైలర్, నర్సు, కండక్టర్, ఆపైన నువ్వు. ఆ ఒక్క పద్ధతికి సంతోషించాను.

పుస్తకాల్లో పదకొండింటికి పిన్నులు తుప్పు పట్టాయి. అన్నీ పీకేసి, ఆఫీసు ఫైళ్ళు కుట్టినట్టు తెల్లదారంతో గట్టిగా కుట్టాను. ఇక ఊడవు.

అసలు విషయం. ప్రతి పుస్తకం వెనక అట్ట మీద, ప్రచురణకర్తల రాతపూర్వక అనుమతి లేకుండా ఇందులోని బొమ్మలను ఏ రూపంలోనూ వాడరాదని అచ్చు వేశారు. నలభై ఆరు సార్లు చదివాను. నీ దగ్గర ఆ అనుమతి ఉందా? ఉంటే నకలు పంపు. లేకపోతే, వేరేవాళ్ళ బొమ్మను బ్యాడ్జీ చేసి నలుగురిలో పెట్టడాన్ని ఏమంటారో నాచేత రాయించకు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషివి. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు అరగదీస్తావు, ఇంటికొచ్చి బొమ్మలతో కూర్చుంటావు.

నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. పెట్టెలు దించింది కింది వాటా కంపౌండరు. ఒక బ్యాడ్జీ ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు.

అమ్మమ్మ


జూన్ 9

అమ్మమ్మకి,

పిన్నులు పీకావా! అమ్మమ్మా, ఆ పిన్నులు పీకావా!

ఉత్తరం షాపులో చదివాను. చదివి కుర్చీలో కూలబడితే, మా ఓనరు ఎవరో పోయారనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కామిక్స్ దాచేవాళ్ళకి తుప్పు పట్టిన పిన్ను కూడా పుస్తకంలో భాగమే. కండక్టర్ అయితే పేజీ తిప్పే ముందు చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంటాడు. నువ్వు దబ్బనం పెట్టి పొడిచావు. సరే, అయిపోయింది. ఇంక దేన్నీ బాగుచెయ్యకు, నీకు దణ్ణం పెడతాను.

ఇంక అనుమతి సంగతి. ‘తాళాల పిల్ల’ ఆగిపోయి ఇరవై రెండేళ్ళు. ఆ కంపెనీ ఇప్పుడు స్కూలు గైడ్లు తప్ప ఇంకేం వెయ్యట్లేదు. ఆ పిల్ల తమదని వాళ్ళకే గుర్తుందో లేదో. గుర్తుపెట్టుకున్నది మేమే. ఏ తాళమైనా తీసేసే పిల్ల, తనింటి తాళం మాత్రం ఎవరైనా తీస్తారేమోనని గుమ్మంలో కూర్చునే పిల్ల. అమ్మ నైట్‌డ్యూటీలకి వెళ్ళినప్పుడు నేను చదివింది అదే కదా. ఏటా జరిగే కామిక్స్ సంతకి ఆ బొమ్మలు గీసిన మాస్టారు కూడా వస్తారు. చెయ్యి వణుకుతుంది, అయినా మా బల్ల దగ్గరే కూర్చుని అడిగినవాళ్ళకల్లా సంతకం పెడతారు. మేం చేసినవి చూసి ముచ్చటపడతారు.

ఈసారి టైలర్‌కి మొదటిసారి సొంత బల్ల ఇచ్చారు. రోజంతా జాకెట్లు కుట్టి, మిగిలిన టైములో ఎనిమిది నెలలు కూర్చుని కుట్టింది ఆ పద్నాలుగు బొమ్మలు. అవి బాగుంటే సంతవాళ్ళు వచ్చే ఏడాది నుంచి పిల్లలకి బొమ్మలు కుట్టడం నేర్పే పని తనకే ఇస్తామన్నారు. అందుకే ఈ తొందర.

పోయినేడు సంతలో నేను పసుపు కోటు వేసుకుని, నెత్తిన తాళంచెవుల టోపీ పెట్టుకున్న ఫోటో పేపర్లో పడింది. నువ్వు చూసే ఉంటావు. ఏమీ అనలేదంటే నచ్చిందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇలా. అంత అనుమానంగా ఉంటే ఆ కంపెనీకే ఉత్తరం రాసి అడుగు. లెక్కలు కూడా వేసి పంపు, చదివి పులకించిపోతారు!

పెట్టెలు మాత్రం పంపు.

నీ పిచ్చుక


జూన్ 14

పిచ్చుకకి,

పెట్టెలు ఇవాళ లారీ ఆఫీసులో ఇస్తున్నాను. పద్దెనిమిదికి చేరతాయి. ఈ ఉత్తరం మూడో పెట్టెలో, బొమ్మల పైన పెట్టాను. దానితోపాటు వస్తువుల జాబితా ఉంది. పెట్టె విప్పగానే సరిచూసుకో. తేడా వస్తే లారీవాణ్ణి అడగాలి.

నీ ఉత్తరం రెండో పేజీలో చెప్పినట్టు కంపెనీకి రాశాను. పదకొండున రిజిస్టరు పోస్టు చేశాను. మర్యాదగా, అనుమతి కోరుతూనే రాశాను. మా మనవరాలు, ఆమె స్నేహితులు కలిసి తమ పాత్ర బొమ్మతో ఈ కింది వస్తువులు తయారుచేశారు, ఇరవై రెండున సంతలో పెడుతున్నారు, దయచేసి అనుమతి ఇప్పించగలరు అని. వస్తువు, సంఖ్య, చేసినవారు, అడ్రసు అని నాలుగు గడులు గీసి జాబితా జతచేశాను. దాచడానికి ఏమీ లేనప్పుడు గడి ఖాళీగా వదలకూడదు.

కంపౌండరు ఎందుకులెండి అన్నాడు. వినలేదు. మంచి జవాబు వస్తే నువ్వే సంతోషిస్తావు.

బొమ్మలు నలగకుండా నా పాత నూలు చీర మధ్య పెట్టాను. చీర తిరిగి పంపనక్కర్లేదు.

అమ్మమ్మ


జూన్ 23

అమ్మమ్మకి,

జరిగింది చెప్తాను. ఆ తరవాత కొన్నాళ్ళు నాకు రాయకు.

నిన్న పదకొండు గంటలకి కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. చేతిలో కాగితం ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను. స్కేలు పెట్టి గీసిన గీతలు, ఏడు అంకెకి నువ్వు పెట్టే అడ్డగీత. నకలు తీయించుకుని తెచ్చారు. ఒకడు చదువుతుంటే రెండోవాడు పెన్సిలుతో టిక్కు పెట్టాడు. “బ్యాడ్జీలు రెండొందల పన్నెండు. ఉన్నాయి. కీచైన్లు తొంభై. ఉన్నాయి. గుడ్డ బొమ్మలు పద్నాలుగు.” ఒక్కోటీ లెక్కపెట్టి గోనెసంచుల్లో వేశారు. టైలర్ బొమ్మల్ని కూడా. నలగకుండా పెట్టమని కూడా అడగలేకపోయింది తను.

మాస్టారు అప్పుడే ఒక పుస్తకం మీద సంతకం పెడుతున్నారు. కంపెనీవాళ్ళు ఆయనతో, “మీరూ లేవండి, ఈ పాత్ర మీద మీకు హక్కు లేదు, ఎప్పుడో రాసిచ్చేశారు,” అన్నారు. ఆయన పెన్ను మూత పెట్టుకుని లేచారు. సగం సంతకంతో ఆ పుస్తకం అక్కడే ఉండిపోయింది. సంతవాళ్ళు మా నలుగురి పేర్లూ రాసుకున్నారు. వచ్చే ఏడాది బల్ల లేదు. పిల్లలకి నేర్పే పనీ లేదు.

టైలర్ ఆ కాగితం అడిగి తీసుకుని చూసింది. తన అడ్రసు చూసుకుంది. “మీ అమ్మమ్మ చేతిరాత భలే ఉంది,” అంది. నేను ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

పెట్టెలో నీ ఉత్తరం చూశాను, అమ్మమ్మా. లెక్కలే కదా, సంత అయ్యాక చదువుదామని పక్కన పడేశాను. నిన్న సాయంత్రం చదివాను.

నీ చీర ఉంది. అదొక్కటే పట్టుకుపోలేదు. జాబితాలో లేదుగా.


జూన్ 28

పిచ్చుకకి,

రాయవద్దన్నావు. నా మీద అభియోగం ఉన్నప్పుడు జవాబు చెప్పుకునే హక్కు నాకు ఉంది కాబట్టి రాస్తున్నాను.

జూన్ 9 నాటి నీ ఉత్తరం నా ముందే ఉంది. రెండో పేజీ, కింది నుంచి మూడో వరుస. ఆ కంపెనీకే ఉత్తరం రాసి అడుగు అని ఉంది. లెక్కలు కూడా వేసి పంపు అని ఉంది. నీ చేతిరాతే. నేను అదే చేశాను. వెటకారానికి అన్నానని నువ్వు ఇప్పుడు అనవచ్చు. కాగితం మీద రాసినదాన్ని రాసినట్టే చదవడం నాకు అలవాటు. పద్నాలుగున నీకు తెలియజేశాను కూడా. చదవకపోవడం నా తప్పు కాదు.

ఆ కుట్టుపని అమ్మాయికి కష్టం కలిగినందుకు విచారిస్తున్నాను. ఆ పెద్దమనిషిని లేపినందుకూ విచారిస్తున్నాను. అలా చేస్తారని అనుకోలేదు.

అమ్మమ్మ


జూలై 6

మా అమ్మమ్మకి,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది, తరవాత ఏడుపొచ్చింది, చివరికి నవ్వొచ్చింది. రెండో పేజీ, కింది నుంచి మూడో వరుస! నిజమే కదా. రాసింది నేనే. నీతో వెటకారం ఆడకూడదని నాకు ఏడేళ్ళప్పుడే తెలియాలి. “వెళ్ళి ఆ బావిలో దూకమంటావా” అన్నందుకు నువ్వు నీళ్ళెంత లోతున్నాయో చూసొచ్చి చెప్పావు.

తప్పు నాది. నేనే అడిగాను, నేనే నీ ఉత్తరం చదవలేదు. ఆదివారం నలుగురం నర్సు వాళ్ళింట్లో కలిశాం. నాతో ఎవరూ సరిగా మాట్లాడట్లేదు అప్పటిదాకా. కండక్టర్ అయితే నేనే కంపెనీకి అప్పజెప్పానని అనుకున్నాడట. నీ చివరి ఉత్తరాలు రెండూ వాళ్ళకి చదివి వినిపించాను. “పాపం, పెద్దావిడ. వెటకారం అర్థంకాలేదు. అంతకన్నా ఏమీ లేదు. మనసులో కల్మషం ఉంటే గీతలు గీసి మరీ పంపుతుందా?” అన్నాను. కండక్టర్ ఫక్కున నవ్వాడు. “మీ అమ్మమ్మని మా డిపోలో వేస్తే టికెట్ లేనివాడు ఒక్కడూ బస్సెక్కడు,” అన్నాడు. నర్సు కూడా నవ్వింది. టైలర్ మాత్రం, “పెద్దవాళ్ళు కదా, తెలియక చేశారు. తెలిసి చేస్తే కదా బాధ,” అంది. అని లేచి అందరికీ టీ పెట్టింది. అమ్మమ్మా, పదిహేను రోజుల తరవాత నాకు ఆ టీ గొంతు దిగింది.

ఈ కవర్లో ఉన్న కళ్ళజోడు సంచీ టైలర్ నీకోసం కుట్టింది. బొమ్మల కోట్లు కుట్టగా మిగిలిన పసుపు గుడ్డే. లోపల మడిచి ఉన్న కాగితం మాస్టారు గీసిచ్చింది. తాళాల పిల్ల చెయ్యెత్తి నిలబడి నీ దగ్గర అనుమతి అడుగుతోంది. “ఇన్నేళ్ళలో అనుమతి అడిగిన మనిషి ఒక్కరే తగిలారు, ఆవిడకి ఇవ్వు,” అన్నారు.

ఇంక బాధపడకు. ఫోన్ చెయ్యి. క్షేమం అడగడానికే.

నీ పిచ్చుక


జూలై 15

పిచ్చుకకి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇవాళ రాయడానికి కారణం, నిన్న నేను బొమ్మలు తిరిగి ఇమ్మని అడగడానికి కంపెనీ ఆఫీసుకు వెళ్ళి రావడం. అక్కడ జరిగింది చూసిన తర్వాత కూడా ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకుంటానని భయం వేసింది.

నువ్వు రాసింది వెటకారమని నాకు తెలుసు. చదివిన క్షణంలోనే తెలుసు. ‘పులకించిపోతారు’ అన్న మాట దగ్గర నాకు నవ్వు కూడా వచ్చింది. నాకు వెటకారం అర్థం కాదని మన ఇంట్లో అందరూ అనుకుంటారు. అలా అనుకోనివ్వడం వల్ల నాకు చాలా సౌకర్యంగా ఉండేది. ఆ బావి నీళ్ళు చూసొచ్చిన రోజు కూడా తెలుసు. నీ నోరు మూయించడానికి వెళ్ళి చూశాను.

కంపౌండరు ఎందుకులెండి అన్నాడని రాశాను. అతను అన్నది అది కాదు. కవరు మీద అడ్రసు రాసిపెట్టమంటే లోపలి కాగితం చదివి, “అమ్మగారూ, ఇది పంపితే పిల్ల బల్ల ఎత్తించేస్తారండీ,” అన్నాడు. “తెలుసు, రాయి,” అన్నాను. అతను రాయలేదు. నేనే రాసుకున్నాను.

ఎందుకు పంపానో కూడా చెప్పాలి. పోయినేడు పేపర్లో నీ ఫోటో చూశాను. రిటైరైన స్టోర్సు వాళ్ళం నెలకోసారి కలుస్తాం కదా, అక్కడ మా పాత సూపరింటెండెంటు పేపరు తెచ్చి బల్ల మీద పరిచాడు. నడిరోడ్డు మీద పసుపు కోటు, నెత్తిన తాళంచెవులు, నోరంతా తెరిచి నవ్వుతున్నావు. “ఈ వేషం మీ మనవరాలిదేనా?” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. “కాదు. మా పిల్ల కాదు,” అన్నాను.

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని చూసి, “అచ్చం అలాగే ఉందే,” అన్నాడు. “పోలికలు ఉంటాయండీ,” అన్నాను. నిన్ను రెండుసార్లు కాదన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పుడు అంకె వేయనిదాన్ని. ఆ సిగ్గు నా మీద నాకు కలగాల్సింది. దాన్ని నీ మీదికి తోశాను. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి నిన్ను ఆ వేషం మాన్పిస్తే నేనన్న అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని అనుకున్నానేమో. నీ ఉత్తరంలో ఆ వాక్యం చూడగానే పని సులువైంది. తప్పు నాది కాకుండా చేయగల కాగితం దొరికింది.

నిన్న ఆ ఆఫీసులో గంటసేపు బెంచీ మీద కూర్చున్నాను. అధికారి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. “మీలాంటి నిజాయితీపరులు ఇంటికొకరు ఉంటే చాలు మేడమ్,” అన్నాడు. పక్కగదిలోవాళ్ళను పిలిచి చూపించాడు. నేను పంపిన గీతల కాగితం వాళ్ళ నోటీసు బోర్డు మీద అంటించి ఉంది, ఫిర్యాదు ఎలా రాయాలో నమూనాగా. నా జన్మలో ఎవరి మెచ్చుకోలూ అంత చేదుగా లేదు. బ్యాడ్జీలు, కీచైన్లు తుక్కుకు వెళ్ళిపోయాయట. బొమ్మలు గోదాములో ఉన్నాయి. ఆగస్టు పదిలోగా చేసినవాళ్ళు స్వయంగా అర్జీ పెట్టి, అమ్మబోమని రాసిస్తే తిరిగి ఇస్తామన్నాడు. ఆ కాగితం బోర్డు మీద నుంచి నేనే పీకి తెచ్చుకున్నాను. “అయ్యో మేడమ్,” అన్నాడు. నాది నేను తీసుకున్నానన్నాను.

నర్సు ఇంట్లో మీ అందరికీ టీ పెట్టిన ఆ అమ్మాయి, తెలిసి చేస్తే కదా బాధ అంది. మీరు నలుగురూ క్షమించిన ముసలావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడ పేరు మీద వచ్చిన కళ్ళజోడు సంచీ నా బల్ల మీద వారం నుంచి ఉంది. అందులో కళ్ళజోడు పెట్టలేకపోతున్నాను. నిజం చెప్పకుండా ఊరుకుంటే నీకు నీ స్నేహితులు ఉంటారు. చెబితే మళ్ళీ నీతో మాట్లాడడం మానేయవచ్చు. అదొక్కటే నన్ను ఆరు రోజులు ఆపింది. కాని నువ్వు నాకోసం వాళ్ళ ముందు ప్రమాణం చేసినట్టు మాట్లాడావు. రేపు ఏ కంపౌండరు నోటనో నిజం బయటపడితే అబద్ధమాడినదానివి నువ్వవుతావు. నేను నిన్ను ఒకసారి నలుగురిలో పోగొట్టుకున్నాను. మళ్ళీ చేయను.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం ముందు నువ్వు చదువు. చింపాలనిపిస్తే చింపు. నకలు నా దగ్గర ఉంది.

2. మీ స్నేహితులకు నువ్వు చదివి వినిపించకూడదు. అది నా పని. నేను ఇరవయ్యో తేదీ ఉదయం బస్సుకు వస్తున్నాను. స్టాండుకు రావద్దు.

3. నర్సు ఇంటికి, కండక్టర్ డిపోకు, మాస్టారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి చెబుతాను. నువ్వు పక్కన నిలబడి “పెద్దావిడ కదా” అనే అవకాశం ఉండకూడదు.

4. సంత నడిపేవాళ్ళకు వేరే ఉత్తరం రాశాను. ఆ నలుగురి పేర్లూ వాళ్ళ అంగీకారం లేకుండా నేనే ఇచ్చానని, బల్ల నిరాకరించవలసి వస్తే జాబితా రాసినదానికి నిరాకరించమని. జవాబు నీ అడ్రసుకు వస్తుంది.

5. వచ్చే నెల స్టోర్సు వాళ్ళ సమావేశానికి ఆ పేపరు నేనే తీసుకెళ్తాను. సూపరింటెండెంటు ముందు పరిచి, ఈ పిల్ల మా పిల్లే అని చెబుతాను. నాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది ఇదే. అందుకే తేదీ వేసి రాస్తున్నాను: ఆగస్టు 3.

6. టైలర్ ఇంటికి ఆఖరున వెళ్తాను. సంచీ తిరిగి ఆమె చేతికి ఇస్తాను. ఆమె సరేనంటే గోదాముకు అర్జీ ఇద్దరం కలిసి తీసుకెళ్తాం. రాసేది ఆమె, మోసేది నేను.

7. ఆమె తలుపు తీయకపోవచ్చు. తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. తిరుగు బస్సు సాయంత్రం అయిదుంపావుకు. మర్నాడు మొదటి బస్సుకు మళ్ళీ వస్తాను.

అమ్మమ్మ